స్క్రీన్ బాగుందంటున్నారు, వాడమంటే మధ్యలో ఆగిపోతున్నారు: యూఐ, యూఎక్స్ బేసిక్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?

వెన్నెలదారి (శనివారం, రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. నాలుగు నెలలుగా సొంతంగా డిజైన్ నేర్చుకుంటున్నాను. స్క్రీన్లు గీసే ఫిగ్మా అనే సాఫ్ట్‌వేర్ బాగానే అలవాటైంది. ప్రాక్టీస్ కోసం డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకునే యాప్ ఒకటి డిజైన్ చేశాను, మొత్తం ఆరు స్క్రీన్లు. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, లేత బూడిద రంగు అక్షరాలు, సన్నటి ఫాంట్, గుండ్రటి మూలల కార్డులు. చూసిన ఫ్రెండ్స్ అంతా చాలా బాగుందన్నారు. వాళ్లలో ఒకమ్మాయి దాన్ని ఫోన్‌లో పనిచేసేలా కోడ్ కూడా రాసిపెట్టింది.

నిన్న మా పెద్దమ్మ చేతికి ఫోన్ ఇచ్చి, "ఎల్లుండి పొద్దున పదింటికి అపాయింట్‌మెంట్ తీసుకో పెద్దమ్మా" అన్నాను. రెండో స్క్రీన్ దాటలేదు. పేరు గడిలో రెండు అక్షరాలు కొట్టగానే "ఇక్కడేదో రాసి ఉందే, ఎటుపోయింది?" అంది. అక్కడ ఏం రాయాలో చెప్పే మాటను గడి లోపలే పెట్టాను, టైప్ చేయగానే మాయమవుతుంది. తర్వాత "ముందుకు" అనే బటన్ నొక్కబోతే మూడుసార్లు వేలు పక్కన పడింది. నాలుగోసారి సరిగ్గా పడింది, కానీ ఒక గడి చుట్టూ సన్నటి ఎర్ర గీత వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆ గీత ఆమెకు కనిపించనే లేదు. "నాకు ఇవన్నీ రావులేమ్మా" అని ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

రోజూ వీడియో కాల్స్ మాట్లాడుతుంది, ఫొటోలు పంపుతుంది. అలాంటి మనిషికి నా స్క్రీన్ ఎందుకు రాలేదు? రాత్రంతా అదే ఆలోచన. బేసిక్స్ అంటే నిజంగా ఏవి? యూఐ, యూఎక్స్ అని కలిపి అంటారు కదా, రెండూ ఒకటేనా? దయచేసి మొదటినుంచి చెప్పండి.

పాతకాపు (శనివారం, రాత్రి 10:15)

మంచి చోట మొదలుపెట్టారమ్మా. చాలామంది ఏళ్ల తరబడి డిజైన్ చేస్తారు కానీ ఒక్కసారి కూడా ఇంకొకరి చేతికిచ్చి పక్కన కూర్చుని చూడరు.

ముందు మీ ప్రశ్న. కంటికి కనిపించేది, వేలికి తగిలేది యూఐ, అంటే యూజర్ ఇంటర్‌ఫేస్. బటన్లు, అక్షరాలు, రంగులు, మధ్య ఖాళీలు అన్నీ అందులోకి వస్తాయి. యూఎక్స్, అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్, అంతకంటే చాలా పెద్దది. మీ పెద్దమ్మగారికి డాక్టర్ దగ్గరికి వెళ్లాలనిపించిన దగ్గర మొదలై, బుక్ చేసుకుని, ఆ రోజు గుర్తుపెట్టుకుని వెళ్లి, తిరిగొచ్చేదాకా ఆమెకు ఎదురయ్యేదంతా యూఎక్స్. 1993లో డాన్ నార్మన్ అనే డిజైన్ పరిశోధకుడు ఆపిల్‌లో చేరినప్పుడు తన ఉద్యోగం పేరులోనే "యూజర్ ఎక్స్‌పీరియన్స్" అని పెట్టుకున్నాడు. ఇంటర్‌ఫేస్, యూజబిలిటీ (వాడటానికి ఎంత సులువో) అనే మాటలు ఆయనకు ఇరుకుగా అనిపించాయి. మనిషికి ఆ వస్తువుతో కలిగే అనుభవం మొత్తం లెక్కలోకి రావాలన్నది ఆయన పట్టుదల.

ఇక "నాకు రావు" అన్న మాట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా బీ-17 బాంబర్ల పైలట్లు కొందరు క్షేమంగా రన్‌వే మీద దిగాక ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) ముడవబోయి చక్రాలు ముడిచేసేవాళ్లు. విమానం పొట్ట మీద కూలబడేది. అందరూ పైలట్ల పొరపాటే అన్నారు. ఆల్ఫొన్స్ చపానిస్ అనే సైకాలజిస్ట్ 1943లో కాక్‌పిట్‌లోకి వెళ్లి చూశాడు. రెండు స్విచ్‌లూ పక్కపక్కనే ఉన్నాయి, రెండూ ఒకేలా ఉన్నాయి. చక్రాల స్విచ్‌కి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ స్విచ్‌కి రెక్క అంచులాంటి ముక్క అతికించాడు. ఇక చూడక్కర్లేదు, ముట్టుకుంటే తెలిసిపోతుంది. ఆ రకం ప్రమాదాలు ఆగిపోయాయి. ఇప్పటికీ విమానాల్లో చక్రాల లివర్ చివర చక్రం ఆకారమే ఉంటుంది.

అలసిపోయి ఉన్నా, కంగారులో ఉన్నా మనిషి తప్పు చేయలేని విధంగా వస్తువును తయారుచేయడం మన పని. నాకు తెలిసిన మొదటి బేసిక్ ఇదే.

కోడ్‌చెట్టు (శనివారం, రాత్రి 10:51)

నేను డెవలపర్‌ని, కాబట్టి కొంచెం వేరేగా చెప్తాను. విమానాల కథ బాగుంది కానీ కొత్తవాళ్లకి చేతిలో పట్టుకునే లెక్కలు కావాలి. బటన్ సైజ్ చూసుకోండి. ఆపిల్ గైడ్‌లైన్స్ ప్రకారం వేలు పెట్టే చోటు కనీసం 44 × 44 పాయింట్లు (స్క్రీన్ మీద వాడే కొలత) ఉండాలి. గూగుల్ డిజైన్ గైడ్‌లైన్స్ అయిన మెటీరియల్ డిజైన్‌లో 48 × 48 డీపీ, అదీ అలాంటి కొలతే. బటన్ బొమ్మ చిన్నదే ఉన్నా ఫర్వాలేదు, చుట్టూ ప్యాడింగ్ (ఖాళీ చోటు) ఇచ్చి ముట్టుకునే చోటు పెంచొచ్చు. మీ "ముందుకు" బటన్ ఎత్తెంత?

వెన్నెలదారి (శనివారం, రాత్రి 11:05)

28. దాని పక్కనే 4 ఖాళీతో "వెనక్కి" కూడా ఉంది. ఇప్పుడు చూస్తే నాకే అర్థమవుతోంది.

కోడ్‌చెట్టు (శనివారం, రాత్రి 11:12)

అదేనండి. పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్ట్ 1954లోనే చూపించాడు: గురి దూరమయ్యేకొద్దీ, చిన్నదయ్యేకొద్దీ చేరడానికి ఎక్కువ టైమ్ పడుతుంది. కాబట్టి ముఖ్యమైన బటన్ పెద్దదిగా, బొటనవేలికి దగ్గరగా, స్క్రీన్ కిందివైపు. "వెనక్కి"ని దానికి దూరంగా పెట్టండి.

అక్షరయాత్ర (ఆదివారం, ఉదయం 7:20)

ఆ మాయమైపోయే మాట గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. గడి లోపల లేత రంగులో కనిపించేది ప్లేస్‌హోల్డర్. దాన్నే లేబుల్‌గా వాడటం నేను చూసే తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది. స్థలం కలిసొస్తుందని పెడతారు. టైప్ చేయడం మొదలవగానే ప్రశ్న చెరిగిపోతుంది, జవాబు మాత్రం మిగులుతుంది. అయిదు గడులు నింపాక ఒకసారి సరిచూసుకుందామంటే ఏ గడి దేనికో తెలియదు. కొందరు లోపలున్న లేత అక్షరాలు చూసి గడి ముందే నిండిపోయిందనుకుని వదిలేస్తారు. లేబుల్ గడి పైన, ఎప్పుడూ కనిపించేలా ఉండాలి. ప్లేస్‌హోల్డర్ అసలు లేకపోయినా నష్టం లేదు.

ఫాంట్ సంగతీ చూడండి. స్క్రీన్‌లో తెలుగు ఉంటే ఇంగ్లీష్‌కి పెట్టిన లైన్ హైట్ (ఒక్కో వరుస ఎత్తు, అక్షరం సైజుకి ఎన్ని రెట్లో) సరిపోదు. మన అక్షరాలకి పైన గుడులు, తలకట్లు, కింద ఒత్తులు. "స్త్రీ" అని ఒకసారి రాసి చూడండి. 1.2 పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి, బటన్‌లో అయితే తెగిపోతాయి. నేను 1.6తో మొదలుపెట్టి కంటితో చూసి సర్దుతాను. సన్నటి ఫాంట్ చిన్న సైజులో పెడితే థ, ధ లాంటి అక్షరాల్లో చుక్క ఉందో లేదో కూడా తెలియదు. ఇది చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ చదివేవాళ్ల కళ్లకి ఇదే పెద్ద కష్టం.

నీలికలువ (ఆదివారం, ఉదయం 9:03)

నాకు చూపు బాగా తక్కువ. ఫోన్‌ని టాక్‌బ్యాక్‌తో వాడతాను, అంటే స్క్రీన్ మీద ఉన్నది ఫోన్ చదివి వినిపిస్తుంది. డిజైన్ నేర్చుకునేవాళ్లకి నా వైపు నుంచి ఒక దృశ్యం చెప్తాను.

కొత్త యాప్ తెరుస్తాను. వేలు పక్కకి జరుపుతాను. ఫోన్ "బటన్" అంటుంది. ఇంకోసారి జరుపుతాను. "బటన్." మళ్లీ "బటన్." మూడు అందమైన ఐకాన్లు ఉన్నాయన్నమాట, వాటికి ఎవరూ పేరు పెట్టలేదు. ఒకటి వెతకడానికో, ఒకటి చెరిపేయడానికో. నొక్కి చూసే ధైర్యం చేయలేక యాప్ మూసేస్తాను. ప్రతి ఐకాన్‌కి లోపల ఒక చిన్న పేరు రాసి ఉంచితే చాలు, ఫోన్ "వెతకండి, బటన్" అని చదువుతుంది. ఆ పని డెవలపర్‌కి రెండు నిమిషాలు. డిజైనర్ ఫైల్‌లోనే ఆ పేర్లు రాసిస్తే ఇంకా మంచిది.

కొంత చూపు ఉన్న నాలాంటివాళ్లకి కాంట్రాస్ట్, అంటే అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా, ప్రాణం. వెబ్ అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో ఏఏ అనే మధ్య స్థాయికి మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. వెన్నెలదారి గారూ, మీ బూడిద రంగు కోడ్ ఏంటి?

వెన్నెలదారి (ఆదివారం, ఉదయం 9:30)

#999999, తెలుపు మీద.

నీలికలువ (ఆదివారం, ఉదయం 9:34)

అది 2.85:1 వస్తుంది. #767676 దాకా ముదురు చేస్తే 4.54, అక్కడికి గట్టెక్కుతుంది. ఇంకా ముదురుగా పెడితే నాకు మరీ సంతోషం. ఎండలో ఫోన్ చూసే ప్రతివాళ్లకీ ఇదే ఉపయోగపడుతుంది.

ఎర్ర గీత గురించి కూడా. తప్పు జరిగిందని చెప్పడానికి రంగు ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు 12 మందిలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. నాకైతే ఫోన్ రంగు చదివి వినిపించదు. గడి కిందే మాటల్లో రాయండి. అది కూడా "తప్పు ఇన్‌పుట్" అని కాకుండా, "ఫోన్ నంబర్‌లో 9 అంకెలే ఉన్నాయి, 10 ఉండాలి" అని.

గూటిపక్షి (ఆదివారం, మధ్యాహ్నం 1:18)

అందరూ ఫామ్ గురించే చెప్తున్నారు. నేను కోర్స్‌లో నేర్చుకున్నది ఏంటంటే, మెనూలో 7 కంటే ఎక్కువ ఐటమ్స్ ఉండకూడదు, మనిషి మెదడు 7 విషయాలే పట్టుకోగలదు అని. ఇది కూడా బేసిక్సే కదా?

పాతకాపు (ఆదివారం, మధ్యాహ్నం 2:40)

ఇది తప్పుగా వాడుకలోకి వచ్చిన మాట బాబూ. జార్జ్ మిల్లర్ అనే సైకాలజిస్ట్ 1956లో రాసిన వ్యాసం నుంచి వచ్చింది. అప్పటికప్పుడు విన్న అంకెలో, పదాలో ఎన్ని మనసులో నిలుపుకోగలం అన్నదాని గురించి ఆయన మాట్లాడాడు. మెనూ కళ్ల ముందే ఉంటుంది, గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. పది ఐటమ్స్ ఉన్నా, పేర్లు స్పష్టంగా ఉండి, ఒక వరుసలో అమర్చి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. అయిదే ఉన్నా "సేవలు", "సదుపాయాలు", "ఇతరములు" అని పెడితే దేనిలో ఏముందో ఎవరికి తెలుస్తుంది?

మిల్లర్ మాటని వాడాల్సిన చోటు వేరే ఉంది. ఒక స్క్రీన్‌లో చూపించిన నంబర్ మూడో స్క్రీన్‌లో టైప్ చేయమంటారు చూడండి, అక్కడ. జ్ఞాపకం మీద భారం వేయకుండా, కావాల్సినప్పుడు కావాల్సింది కళ్ల ముందు పెట్టాలి. యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1994లో ఇచ్చిన 10 సూత్రాల్లో ఇదొకటి. ఆ పదీ చదవండి, బట్టీ పట్టకండి. ఒక్కోటి తీసుకుని మీరు రోజూ వాడే యాప్‌లో వెతకండి.

కోడ్‌చెట్టు (ఆదివారం, రాత్రి 8:05)

ఆ పదింటిలో మొదటిది నాకు బాగా తగిలింది: సిస్టమ్ ఏం చేస్తోందో మనిషికి ఎప్పటికప్పుడు కనిపించాలి. దీని మీద నా సొంత అనుభవం ఒకటి.

రెండేళ్ల కిందట పనిచేసిన చోట బుకింగ్ స్క్రీన్ నేనే కోడ్ చేశాను. బటన్ నొక్కగానే "బుక్ అయింది" అని ఆకుపచ్చ టిక్ చూపించేవాళ్లం, వేగంగా ఉన్నట్టు అనిపించాలని. వెనకాల సర్వర్ నుంచి జవాబు రావడానికి రెండు మూడు సెకన్లు పట్టేది. నెట్ పోతే ఆ రిక్వెస్ట్ అసలు వెళ్లేదే కాదు. టిక్ మాత్రం వచ్చేది. జనం టిక్ చూసుకుని వెళ్లి, అక్కడ మీ పేరు లేదంటే తిరిగొచ్చారు.

తర్వాత అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం గురించి చదివితే గుండె ఝల్లుమంది. 1979 మార్చి 28. ఒక వాల్వ్ మూసుకోవాల్సింది మూసుకోలేదు. కంట్రోల్ రూమ్‌లో లైట్ మాత్రం మూసుకున్నట్టే చూపించింది, ఎందుకంటే ఆ లైట్ చెప్పేది వాల్వ్ స్థితి కాదు, "మూసుకో" అనే సిగ్నల్ వెళ్లిందన్న సంగతి మాత్రమే. రెండు గంటలకు పైగా రియాక్టర్‌ని చల్లబరిచే నీళ్లు పోతూనే ఉన్నాయి, ఆపరేటర్లు లైట్‌ని నమ్మారు. నా ఆకుపచ్చ టిక్ చేసిందీ అదే పని. మేం పంపామని చెప్పింది, అవతల అందిందని చెప్పలేదు.

ఇప్పుడు నేను పాటించేది ఇది. నొక్కగానే బటన్ రంగు మారాలి, 0.1 సెకను లోపు మార్పు కనిపిస్తే మనిషికి తన వేలే ఆ పని చేసినట్టు ఉంటుంది. ఒక సెకను దాటితే "బుక్ చేస్తున్నాం" అని చూపించాలి. పది సెకన్లు దాటేలా ఉంటే ఎంత అయిందో చెప్పాలి, వద్దనుకుంటే ఆపే దారి ఇవ్వాలి. జవాబు వచ్చాకే టిక్. రాకపోతే "ఇంకా బుక్ కాలేదు, నెట్ లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పాలి.

వెన్నెలదారి (ఆదివారం, రాత్రి 9:10)

కోడ్‌చెట్టు గారూ, నా యాప్‌లో కూడా టిక్ నొక్కగానే వస్తోంది. నా ఫ్రెండ్‌కి మీ పోస్ట్ పంపాను.

ఇవన్నీ సరిచేసి ఇంకొందరికి ఇచ్చి చూద్దామనుకుంటున్నాను. ఎంతమందికి ఇవ్వాలి? పక్కన కూర్చుని ఏం చేయాలి?

పాతకాపు (ఆదివారం, రాత్రి 9:48)

అయిదుగురు చాలు. నీల్సన్ లెక్క ప్రకారం అయిదుగురితో సుమారు 85 శాతం సమస్యలు బయటపడతాయి. ఆ శాతం ప్రతి చోటా అంతే ఉంటుందని కాదు కానీ, మొదటి ఇద్దరు ముగ్గురి దగ్గరే పెద్ద గుంతలన్నీ కనిపిస్తాయన్నది నేను ప్రతిసారీ చూశాను. సరిచేసి మళ్లీ ఇంకో అయిదుగురికి ఇవ్వండి. ఒకేసారి ఇరవై మందిని కూర్చోబెట్టడం కంటే అది మేలు.

కూర్చున్నప్పుడు పని చెప్పండి, దారి చెప్పకండి. "బుక్ బటన్ నొక్కండి" అంటే టెస్ట్ అక్కడితో అయిపోయినట్టే. మనసులో అనుకునేది పైకి అనమని అడగండి. ఆగిపోతే మీ నోరు ఊరుకోదు, అయినా ఊరుకోండి. పది సెకన్ల మౌనం చాలా పొడుగ్గా ఉంటుంది, అందులోనే మీకు కావాల్సింది దొరుకుతుంది. "బాగుందా?" అని మాత్రం అడగొద్దు. మన వాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు.

గూటిపక్షి (సోమవారం, ఉదయం 10:22)

మధ్యలో ఒక ప్రశ్న. మా ఆఫీసులో "ఆఫర్ మెసేజ్‌లు పంపండి" అనే గడికి ముందే టిక్ పెట్టి ఉంచమంటున్నారు. వద్దనుకుంటే టిక్ తీసేయొచ్చు కదా, తప్పేముంది అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

అక్షరయాత్ర (సోమవారం, ఉదయం 11:00)

మీ మనసు సరిగ్గానే చెప్తోంది. మనిషి చూసుకోకపోవడం మీద నడిచే ఇలాంటి వాటికి హ్యారీ బ్రిగ్నల్ అనే యూఎక్స్ డిజైనర్ 2010లో డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. ముందే టిక్ పెట్టిన గడి సమ్మతి కిందకి రాదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019లో తీర్పు కూడా ఇచ్చింది. ఆఫీసులో ఇది చూపించండి.

వెన్నెలదారి (శుక్రవారం, రాత్రి 10:36)

అయిదుగురితో చేశాను. లేబుల్స్ పైన పెట్టాను, రంగు ముదురు చేశాను, బటన్ 52 ఎత్తు చేశాను. ఆ మూడు చోట్లా ఎవరూ ఆగలేదు. ఆగింది నేను అస్సలు ఊహించని చోట, పుట్టిన తేదీ దగ్గర.

అక్కడ క్యాలెండర్ పెట్టాను. తెరిస్తే ఈ నెల కనిపిస్తుంది. రెండో ఆయన పుట్టింది 1958లో. ఎడమ బాణం నొక్కడం మొదలుపెట్టాడు. ఒక్కో నొక్కుకి ఒక్కో నెల. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఇరవై, ముప్ఫై, నలభై. ఒక చోట వేగంగా నొక్కి రెండు నెలలు దాటేసి వెనక్కొచ్చాడు. లెక్క వేస్తే ఆయన పుట్టిన ఏడాది చేరాలంటే 700కు పైగా నొక్కాలి. పైన ఏడాది మీద నొక్కితే జాబితా తెరుచుకుంటుంది, కానీ అది నొక్కేదని తెలిసే ఆనవాలు ఏమీ పెట్టలేదు నేను. చివరికి ఆయన ఈ నెలలోనే ఏదో తేదీ నొక్కి ముందుకెళ్లిపోయాడు. నా యాప్ ఆయన వయసు సున్నా అని తీసుకుంది, ఏమీ అనలేదు.

ఇంకోటి. రద్దు చేసే చోట "అపాయింట్‌మెంట్ రద్దు చేయాలా?" అని అడిగి, కింద "రద్దు", "సరే" అని పెట్టాను. అయిదుగురిలో ముగ్గురు ఆగి నా మొహం చూశారు. రద్దు నొక్కితే అపాయింట్‌మెంట్ రద్దవుతుందా, ఈ ప్రశ్న రద్దవుతుందా అని.

కోడ్‌చెట్టు (శుక్రవారం, రాత్రి 11:02)

క్యాలెండర్ దగ్గరి తేదీలకు మంచిది, ఎల్లుండి ఏ వారమో చూసుకోవాలి కాబట్టి. పుట్టిన తేదీ అందరికీ నోటికొచ్చిందే. రోజు, నెల, సంవత్సరం మూడు గడులు పెట్టి టైప్ చేయనివ్వండి, అంకెల కీబోర్డ్ తెరుచుకునేలా. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్లలో అలాగే చేస్తారు.

పాతకాపు (శుక్రవారం, రాత్రి 11:20)

దానికి ముందు ఇంకో ప్రశ్న వేసుకోండి: బుక్ చేయడానికి పుట్టిన తేదీ ఎందుకు? డాక్టర్‌కి వయసు కావాలంటే వయసు అడగండి. అదీ అక్కర్లేకపోతే గడే తీసేయండి. తీసేసిన గడిలో ఎవరూ ఆగిపోరు.

రద్దు దగ్గర బటన్ మీద జరిగే పనే రాయండి. "అపాయింట్‌మెంట్ రద్దు చేయి", "అలాగే ఉంచు". పైన ప్రశ్న చదవకుండా బటన్ ఒక్కటే చదివినా అర్థం కావాలి.

నీలికలువ (శనివారం, ఉదయం 8:11)

పాతకాపు గారు చెప్పింది నాలాంటివాళ్లకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. నేను వేలు జరిపినప్పుడు చాలాసార్లు బటన్ పేరే ముందు వినిపిస్తుంది, ప్రశ్న వినిపించదు. "సరే, బటన్" అంటే దేనికి సరే?

వెన్నెలదారి (ఆదివారం, సాయంత్రం 6:47)

పుట్టిన తేదీ తీసేశాను. ఇవాళ మళ్లీ పెద్దమ్మకిచ్చాను. పేరు, ఫోన్ నంబర్, డాక్టర్, రోజు, టైమ్. మధ్యలో ఒక్కసారి ఆగింది, రెండు టైమ్‌లలో ఏది తీసుకోవాలా అని. "బుక్ చేస్తున్నాం" అని వచ్చి, టిక్ వచ్చేదాకా కళ్లార్పకుండా చూసింది.

తర్వాత అడిగింది, "ఇది నాకు గుర్తుచేస్తుందా?" అని. నా ఆరు స్క్రీన్లలో దానికి జవాబు లేదు. ఒక గంట ముందు మెసేజ్ వస్తే చాలా అని అడిగాను. "గంట ముందు చెబితే ఏం లాభం? ముందు రోజు సాయంత్రమే తెలియాలి. నాకు తోడెవరైనా రావాలిగా, వాళ్లకి చెప్పుకోవద్దూ?" అంది.

గుర్తుచేసే మెసేజ్ ముందు రోజు సాయంత్రానికి మార్చాను. చివరి స్క్రీన్‌లో ఒక గడి కలుపుతున్నాను, అదే మెసేజ్ వాళ్లకి కూడా వెళ్లేలా. లేబుల్ ప్రస్తుతానికి "మీకు తోడుగా వచ్చేవారి ఫోన్ నంబర్ (ఉంటేనే రాయండి)" అని పెట్టాను. అక్షరయాత్ర గారూ, ఇది బాగా పొడుగైందా?

అక్షరయాత్ర (ఆదివారం, రాత్రి 7:30)

"తోడుగా వచ్చేవారి ఫోన్ నంబర్ (ఉంటేనే)" చాలు. రెండు వరుసలకి పోకుండా చూసుకోండి, 360 వెడల్పు ఫోన్‌లో ఒకసారి పెట్టి చూడండి.